బోలు డబ్బా గీసిన చేయి

1993 ఆగస్టు పదహారో తేదీన, దేవరాపల్లి నుంచి తొలి బస్సు పట్టుకుని వచ్చి, చెప్పులకంటిన చెరకుతోట మట్టిని గుమ్మం దగ్గరే దులుపుకుని, అనకాపల్లిలోని మా శారదా చెరకు ప్రయోగశాలలో సహాయ శాస్త్రవేత్తగా చేరిన డాక్టర్ మరిడమ్మ గారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేయుచున్న శుభవేళ, వారి సేవలను ఈ సన్మాన సంచికలో పొందుపరచే బాధ్యత నాకు అప్పగించారు. పొందుపరుస్తాను గానీ, పోయిన సోమవారం వారు చేసిన పని చూసి పడిన అదురు నాకింకా తగ్గలేదని ముందే మనవి చేసుకుంటున్నాను.

ఎర్రకుళ్ళు తెగులును తట్టుకునే చెరకు గడ కోసం వారు మొదటి పదేళ్ళూ పొలాల వెంటే తిరిగారు. ఆపై జన్యువుల కాలం వచ్చింది. జన్యువులో ప్రొటీను తయారీకి అక్కరకొచ్చే ముక్కలను ఎక్సాన్లంటారు. అవెక్కడున్నాయో కంప్యూటరు అంచనా కడుతుంది. మా సాఫ్ట్‌వేరు వాటిని ఒక గీత మీద డబ్బాలుగా చూపుతుంది. తొలినాళ్ళలో డబ్బాలన్నీ ఒకే నిండు రంగులో మెరిసేవి. మేడం గారు ససేమిరా ఒప్పుకోలేదు.

"కంప్యూటరు ఊహించిందీ, మొక్కలో మనం సూసిందీ ఒకే రంగేటయ్యా? పెళ్ళిచూపులకెళ్ళొచ్చి బోజనాలెట్టేత్తారేటి?" అన్నారు.

ఆ రోజు నుంచీ అంచనాకు అంచు మాత్రమే గీసిన బోలు డబ్బా. ఆకులో ఆ ముక్క పనిచేస్తున్న ఆనవాలు దొరికాకే నిండు డబ్బా. మా ప్రయోగశాలకు అదే శాసనం.

తదుపరి సుదీర్ఘ పరిశ్రమ ఫలితంగా ఎర్రకుళ్ళును తట్టుకునే జన్యువును వారే గుర్తించారు. అయిదు నిండు డబ్బాల ఆ బొమ్మను చూసి రైతులు సైతం 'మరిడమ్మ జన్యువు' అని ముచ్చటగా పిలుచుకున్నారు. దాని ఆధారంగానే కొత్తరకం విత్తనపు గడలు ఈ ఏడు పంచవలసి ఉన్నది.

సోమవారం ఉదయం సాఫ్ట్‌వేరు చూసే తారక్ కేకపెట్టాడు. "మేడం, ఏదో బగ్ వచ్చేసింది! మీ నాలుగో డబ్బా ఖాళీ అయిపోయింది!"

"బగ్ కాదు నాన్నా. నేనే ఖాళీ సేసేను."

బాధ్యతలు అప్పగించే ముందు వారు రోలుగుంటలోని మా ప్రయోగ తోట ఆకులను మళ్ళీ పరీక్షించారట. చెరకులో ఒకే పోలిక జన్యువులు అనేకం. నాలుగో ముక్కదని మేము నమ్మిన ఆనవాలు దాని కవల జన్యువుదని తేలింది. ఆ ముక్క లేనిదే జన్యువు తెగులును ఆపుతుందనడానికి ఆధారం లేదు. అంటే, వారి జీవితకాలపు కీర్తికే ఆధారం లేదు.

డైరెక్టరు చంద్రమౌళి గారు కుర్చీలోంచి లేచి, మళ్ళీ కూలబడ్డారు. "అమ్మా, సన్మానం అయ్యేదాకా ఆగలేకపోయారా?"

"అయ్యేక నేను ఇంటికెళ్ళిపోతాను సార్. అబద్ధం మాత్రం ఇక్కడే ఉజ్జోగం సేత్తుంటాది."

గడల పంపిణీ ఆగింది. ఆ సాయంత్రమే వారి తమ్ముడు త్రినాధరావు గారి ఫోను మా అందరికీ వినబడింది. "అప్పా! కొత్త గడలకని దుక్కి దున్నేసి కూకున్నాను, ఏటిది?"

"పాత రకమే ఏసుకోరా. పేరు నాది పోతే పోనీ, తోట నీది పోకూడదు."

నిన్న సన్మాన వేదికకు ఫ్లెక్సు వచ్చింది. బోలు డబ్బాతోనే బొమ్మ ఇచ్చాము. ఫ్లెక్సు మీద మాత్రం అయిదూ ఎర్రగా నిండి ఉన్నాయి. ఫ్లెక్సు షాపు తాతబ్బాయి నవ్వుతూ, "ఖాళీగా ఉంటే ప్రింటు పోయిందనుకుంటారని మేమే నింపేసేమండి" అన్నాడు. మేడం గారు తెల్లకాగితం కత్తిరించి, నాలుగో డబ్బా మీద తామే అంటించి, చుట్టూ అంచు కనబడుతోందో లేదో రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నారు.

సభకు విచ్చేసే బంధుమిత్రులు ఆ కాగితాన్ని పొరపాటుగా భావించవద్దని ప్రార్థన. రోలుగుంట తోటలో పరీక్షలు కొనసాగుతాయి. ఆ డబ్బా నిండినా, బోలుగానే మిగిలినా, ఆ కబురు పట్టుకుని మేమంతా దేవరాపల్లిలోని వారింటికి వెళ్ళేనాటికీ, ఆ తరువాత అనేక పంటకాలాలకూ, మరిడమ్మ గారు చక్కని ఆరోగ్యంతో, నిండైన ఆయుస్సుతో గుమ్మంలో నిలబడి "ఆకులో సూసేరా, అంచనాయేనా?" అని మమ్మల్ని నిలదీయాలని మనసారా కోరుకుంటున్నాము.