కువైట్ నుంచి వచ్చిన బల్బు

ఉదయగిరి బస్టాండులో నాగులమ్మ టీకొట్టు ముందు వరదయ్య నోరు తెరిచినాడంటే, కలిగిరి బస్సు కళ్లముందే వెళ్లిపోయినా ఎవరికీ పట్టదు. ఆ డిసెంబరు పొద్దున ఆయన చంకలోంచి చిన్న అట్టపెట్టె తీసి బెంచీ మీద పెట్టాడు. లోపల వంకర తిరిగిన తెల్లటి గాజుగొట్టాల బల్బు. నాలుగేళ్ల నాడు కువైట్‌కి ఇంటిపనికి పోయిన పెళ్లాం సారా, ఊరికొచ్చే మనిషి చేత పంపింది.

"పదకొండు వాట్లు తింటాది, అరవై బల్బంత వెలుగిస్తాది. మీయి బల్బులా, కుంపట్లా? సారా మైదా బంకతో అంటించిపోయిన క్రిస్మస్ స్టార్ పోయినేడు బల్బు వేడికి ఒక మూల కమిలిపాయె. ఆ మాట రాస్తే ఇది పంపింది. ఎలిగేటప్పుడే చేత్తో పట్టుకున్నా, సొరకాయ మాదిరి చల్లగా ఉండాది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వెన్నముద్ద పెట్టినాను దాని మీద, కరగలా!"

"మీటరు తిరిగిందా?" వైరింగు శీనయ్య కన్ను గీటాడు.

"మొదటిరోజు నిలబడింది, మూడోరోజు ఎనక్కి తిరగబట్టింది! రీడింగు తీసేటాయన మీటరుకు దణ్ణం పెట్టి పోయినాడు. స్టార్‌లో పెట్టి గడకెత్తినానా, తెల్లారిందనుకోని దుర్గం కొండ మీద నెమళ్లు కూసినాయి, ఆత్మకూరు కాడ లారీలు లైట్లు ఆర్పేసి నడిచినాయి, వెలుగు సముద్రం దాటిపాయె. అక్కడ సారా మేడ మీద గుడ్డలారేస్తా..." వరదయ్య అట్టపెట్టె అంచు సవరించాడు. "తలెత్తి చూసి, అదో మా ఇల్లు అన్నదంట."

నాగులమ్మ గ్లాసు కడిగే చెయ్యి ఆగింది. రోజూ మునిమాపున ఆమె ఆ ఇంటి ముందు నుంచే పోతుంది. గడ మీద స్టార్ వెలగకుండా వేలాడటం ఆమె ఎరుగును. ఊరందరినీ కడిగిపారేసే మనిషి, ఆ పూట మాత్రం వరదయ్య ముందు ఇంకో టీ పెట్టింది.

శీనయ్య ఊరుకుంటాడా! బల్బు తిరగేసి చూశాడు. "అన్నా, దీని అడుగున మరలుండాయి. మనయన్నీ పిన్ను హోల్డర్లు గదా. ఇది ఈ ఊళ్లో యాడా పట్టదే. ఎట్ట వెలిగించినావు?"

బెంచీ అంతా ఇకిలించింది.

"పళ్లు మూయండ్రా!" అంది నాగులమ్మ.

వరదయ్య బల్బును దూదిలో చుట్టి పెట్టెలో పడుకోబెట్టాడు. శీనయ్యకు మనసు చివుక్కుమంది. "నెల్లూర్లో మరల హోల్డరు దొరుకుద్దిలే అన్నా. రేప్పోయి నేనే తెస్తా."

"తేబాకరా," అన్నాడు వరదయ్య గబుక్కున. "సారాకి జాబు రాసినాను. హోల్డరు ఎవురి చేతా పంపబాకు, నువ్వే పట్టుకోని రా అని."