తూములో నల్లటిది

అనకాపల్లి. బెల్లం వ్యాపారి గంగాధరం ఇంటి బాత్రూంలో వాషింగ్ మిషన్ చుట్టూ చీలమండల దాకా సబ్బునీళ్లు నిలిచాయి. గంగాధరం తూములో ఇనపతీగ ఆడిస్తున్నాడు. భార్య నాగజ్యోతి బకెట్టుతో నీళ్లెత్తుతోంది. తల్లి అప్పలకొండమ్మ గుమ్మంలో పీట వేసుకుని కూర్చుంది.

“అందుకే చెప్తన్నాను, తప్పు మిషన్‌ది కాదు, తూముది. నాగజ్యోతీ, ఆ లైటు ఇలా పట్టు.”

“ప్లంబర్ నానాజీ వత్తానన్నాడు కదండీ. అతనే చూసుకునేవోడు.”

“నానాజీ వచ్చి ఏం చేత్తాడు? ఇదే తీగ ఇందులోనే పెడతాడు. నేను వీడియోలో చూసేను. ఇదేం బ్రహ్మవిద్య కాదు.”

“వీడియోలో ఆయన గ్లౌజులేసుకున్నాడండీ.”

“మా తాత మరుగుతున్న బెల్లంలో వేలెట్టి పాకం చూసేవోడు. నాకు గ్లౌజులేటి?”

“ఒరే గంగాధరం, వదిలీరా. రేపు మీ నాన్న తద్దినం ఎట్టుకుని ఇయ్యాల తూములో సెయ్యెడతావేటి?”

“రేపు తద్దినం కాబట్టేనమ్మా ఈ తొందర. మడిబట్టలు ఎక్కడ తడుపుకుంటారు, ఈ మురుగులోనా? ఆఁ, తగిలింది. ఏదో మెత్తగా తగిలింది.”

“తగిల్తే ఉండనీండి. కదిపితే ఇంకా లోపలికి పోతాదేమో.”

“లాగడానికే కదా కదుపుతున్నాను. జరుగు. వత్తంది... వచ్చింది. ఇదేటి?”

“బురదండీ.”

“బురద ఇలాగుంటదా? నల్లగా, పొరలు పొరలుగా ఉంది. జిగురు. అమ్మా, నువ్వు చూడు.”

“నాకు కళ్ళానవు కదరా.”

“ఇందాకే గదా సూదిలో దారం ఎక్కించేవు?”

“సూది సన్నం కదా, కనపడిపోద్ది.”

“ఇదేం మాటమ్మా. సరే, నాకు అర్థమైంది. ఇది రబ్బరు. మిషన్ లోపల రబ్బరు ఊడిపోతంది.”

“అవునండీ. రబ్బరే.”

“అయితే ఊరుకుంటానేటి? కంపెనీవాళ్ళ మీద కేసు పెడతాను. ముందు ఫొటో తీసి మన వర్తకుల గ్రూపులో పెట్టు. నా చేతులు బాగోలేవు.”

“గ్రూపులో ఎందుకండీ? ఎవరైనా చూత్తే...”

“చూత్తే?”

“గుర్తుపడతారేమో.”

“గుర్తుపట్టడానికే కదా పెట్టమంటన్నాను. ఇలా తే, నేనే పెడతాను. చెయ్యి తుడుచుకుంటే అయిపోద్ది.”

“సూడరా, తద్దినం ముందురోజు మురుగు ఫొటోలేటి? ఊళ్ళో నవ్వుతారు.”

“పెట్టేసేనమ్మా. అదిగో, అప్పుడే త్రినాధరావు బావ జవాబు పెట్టేడు.”

“ఏటంటన్నాడండీ?”

“మినప్పొట్టంట. పక్కన నవ్వే బొమ్మ.”

“ఆయనకేం తెల్సండీ.”

“ముప్పై ఏళ్ళ నుంచీ పప్పులే అమ్ముతున్నాడు, ఆయనకి కాక ఇంకెవరికి తెలుత్తాది? ‘రేపు గారెలకి వత్తన్నాను కదా, ఆ తూమేదో చూసి పోతాను’ అని కూడా పెట్టేడు. జ్యోతీ, తలెత్తు. పప్పు పెరట్లో కుళాయి కింద కదా కడుగుతారు?”

“కడిగేవాళ్ళమండీ.”

“కడిగేవాళ్ళమేటి? ఇప్పుడు కడగరా?”

“మీరేమో ఇంట్లోకి పొట్టు తీసిన మినపగుళ్ళు తేనివ్వరు. పొట్టు పప్పుతో చేత్తేనే గారె అంటారు. మాడుగుల నుంచీ, బుచ్చయ్యపేట నుంచీ చుట్టాలందర్నీ పిలుత్తారు. అంత పప్పు పొట్టు పోయేదాకా వంగి కడగాలంటే నడుం ఉండొద్దా?”

“అయితే?”

“అయితే... అదెలాగూ తిరుగుతాది కదండీ.”

“ఏది?”

“మిషను.”

“నా బనీన్లు తిరిగే మిషన్లోనా?”

“బనీన్లు తీసేసేకేనండీ. ముందు వేణ్ణీళ్ళు పోసి రెండుసార్లు ఖాళీగా తిప్పుతాం. సబ్బు వాసన కూడా రాదు. పొట్టంతా నీళ్ళతో దానంతటదే పోతాది. మొన్నటిదాకా తూములోంచీ బాగానే పోయేది.”

“నోర్ముయ్. బెల్లం మార్కెట్ యార్డులో పదిమందికి చెప్పుకుంటాను, మా ఇంట్లో గారెలకి ఇప్పటికీ అమ్మ చెయ్యే అని. కిందటేడు పంతులుగారు అడిగి మరీ ఇంకో రెండు వేయించుకున్నారు. ‘అమ్మ చేతి మహిమ నాయనా’ అన్నారు. ఆ అమ్మ ఇంట్లో ఉండగా ఇలాంటి పని చెయ్యడానికి నీకు మనసెలా వచ్చింది? రేపే ఈ మిషను అమ్మీసి రాయి వేయిత్తాను. ఉతుకు, కూచుని ఉతుకు.”

“అత్తయ్యా, మీరైనా చెప్పండి.”

“దాన్నేటి అంటావురా? ఆ తెలివి దానికెక్కడిది? నాది.”

“నీదా?”

“మిషనొచ్చిన ఏడే మొదలెట్టేను. అది భయపడిపోతే, నేనే మూత తీసి పప్పు పోసేను.”

“అమ్మా, ఆగు. కిందటేడు పంతులుగారు మెచ్చుకున్నవి?”

“అయ్యే.”

“నాన్న తద్దినానికి మిషన్లో కడిగేవా? మరి మడి?”

“మనిషి సెయ్యే తగల్లేదు, అంతకన్నా మడేటి ఉంటాదిరా? ఆ మిషను పైపు బిగించు, పప్పు నానిపోయింది.”