నడుం ఎత్తు బండి

ఆ పొద్దున ఆకాశం నిండా మబ్బు కమ్ముకుంది గాని చినుకు రాలలేదు. ఇనప గేట్లు చేసి బిగించే బావా బావమరుదులు ఇద్దరూ పికప్ బండ్లు అమ్మే చోట నిలబడ్డారు.

“బావా, అందరూ ఇంజను చూస్తారు. నువ్వేంటి, ప్రతి బండి వెనక్కీ వెళ్లి నడుం ఆనించి చూస్తున్నావు? బండి కొంటున్నావా, ప్యాంటు కుట్టించుకుంటున్నావా?”

“ఈ చిన్నది చాలురా మనకి.”

“ఇదా! రెండు గేట్లు పెడితే కూలబడుతుంది. ఆ పెద్దది తీసుకో. నాలుగు గేట్లు ఒక్క ట్రిప్పులో పోతాయి.”

“దాని వెనక బాడీ ఛాతీ దాకా ఉంది.”

“ఉంటే ఏం? ఇన్నాళ్లూ లారీల మీదికి ఎత్తలేదా మనం?”

“ఎత్తాం. ఇప్పుడు బరువు పడితే నా కుడిచెయ్యి నడుం దాటి లేవట్లేదు.”

“ఎప్పట్నుంచి?”

“పోయిన ఏడాది నుంచి.”

“అంటే... నా కాలి మీద గేటు పడ్డప్పుడు కూడా?”

“అప్పుడు కూడా.”

“పట్టు వదిలింది నేనేనని నా మీద తోశావు కదా బావా! పనిలో అందరూ నన్ను చూసి నవ్వారు. అక్క కూడా నన్నే తిట్టింది. రెండు కాలి వేళ్లు తీసేశారు నాకు.”

“నిజం చెబితే మీ అక్క పని మాన్పించేస్తుందని భయపడ్డాను. నాకు ఇంకో పని రాదురా.”

“మరి ఇవాళెందుకు చెప్పావు?”

“పెద్ద బండి కొంటే ఈసారి నీ తల మీద పడుతుంది.”

బావమరిది కుంటుకుంటూ వెళ్లి చిన్న బండి వెనక తలుపు దించాడు. అక్క కట్టిచ్చిన క్యారియర్ దాని మీద పెట్టి, మూత తీసి, ఒక గిన్నె బావ వైపు జరిపాడు. ఇద్దరూ ఎడంగా కూర్చుని తిన్నారు.