తేనెతుట్టె కింద బావా బామ్మర్దీ

మిట్టమధ్యాహ్నం. మిరపచేను గట్టున చింతచెట్టు, దాని కొమ్మకు చేటంత తేనెతుట్టె, కింద మోటబావి. బావిలో మెడలోతు నీళ్లలో మాలకొండయ్య, ఆయన బామ్మర్ది పానకాలు. నాలుగేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు, మధ్యవర్తిగా ఎవరన్నా ఉన్నారంటే ఎదురుగా రాతిమీద కూర్చున్న కప్పొక్కటే.

“ఓ కప్పగారూ! తమరి ఎదురుగా నిలబడ్డ పెద్దమనిషిని కాస్త జరగమనండి. నా కాలు తొక్కుతున్నాడు.”

“కప్పా! ఇది ఎవరి బావి అని ఆయన్నే అడుగు. మాలకొండయ్య బావిలో మాలకొండయ్య ఎక్కడన్నా నిలబడతాడని చెప్పు.”

“నిలబడమను. తలకాయ కూడా పైకెత్తి నిలబడమను. ఈగలు ఆ తలకాయ కోసమే తిరుగుతున్నాయి.”

“చెప్పవే కప్పా, నేను భయపడేవాణ్ణి కా— అమ్మో! ముక్కు! ముక్కు మీద కుట్టిందిరో!”

“మునగమను! కప్పా, మునగమను!”

“బుడ... బుడ... హమ్మయ్య. మునగమన్నంత మాత్రాన ఆయనేం గొప్పోడు కాదని చెప్పు. అసలు ఈగల్ని రేపిందెవరు? నేను నిక్షేపంగా పొగబెట్టుకుంటుంటే కడివెడు నీళ్లు తెచ్చి మంటమీద కుమ్మరించిందెవరు? పొగ చచ్చింది, ఈగలు లేచాయి.”

“పొగా అది? తుట్టె కింద మిరపకాయలు తగలేసే తెలివి భూమ్మీద ఇంకెవరికన్నా ఉందా అని అడుగు.”

“తాలుకాయలు! అమ్మకానికి పనికిరావు గదాని నాలుగు దోసిళ్లు వేశాను. ఘాటు ఎక్కువైతే ఈగలు తొందరగా పోతాయని.”

“ఈగలు పోలా, ఊరు పోయింది. రచ్చబండ దాకా జనం దగ్గుతున్నారు. మా గేదె తుమ్మింది. గేదె తుమ్మడం నేనెప్పుడూ చూళ్లా.”

“అంత ఘాటులో ఈయనకి నా చేలో ఏం పనో అడుగు కప్పా.”

“ఆయనకెందుకంట?”

“అడుగు, అడుగు.”

“కల్లం అంటుకుందనుకున్నా! కాయంతా ఎండబోసి ఉంది, ఏడాది కష్టం. పొగ చూసి పరిగెత్తా. ఎవరి కల్లమైనా పరిగెత్తుతా. కుక్క కల్లమైనా పరిగెత్తుతా.”

“కుక్కకి కల్లం ఉంటుందా అని అడుగు.”

“ఏమయ్యోవ్! బతికున్నారా?”

“సామ్రాజ్యం! ఎక్కడున్నావే?”

“గుడిసెలో. తడిక సందులోంచి చూస్తున్నా. ఒరే పానకాలూ, నువ్వూ ఉన్నావంట్రా?”

“ఉన్నానక్కా. మీ ఆయన నా కాలు మీదున్నాడు.”

“ఈగలు పోయాయా సామ్రాజ్యం? నేను పైకొస్తున్నా.”

“వద్దు వద్దు! అదుగో, బావి మీదే తిరుగుతున్నాయి. వినపట్టంలా?”

“గుయ్య్య్య్...”

“బాబోయ్, వినపడుతోంది, వినపడుతోంది.”

“ఎటూ ఒకచోట నిలబడ్డారు, పుట్టువెంట్రుకల మాట తేల్చండి. వచ్చే శనివారం దాటితే నా కొడుక్కి మూడో ఏడు వెళ్లిపోతుంది. మళ్లీ ఐదో ఏడు దాకా ఆగాలి. మేనమామ కత్తెర పడందే మంగలి చెయ్యి పెట్టనంటున్నాడు. చిక్కుపడుతోందని జడ వేసి రిబ్బను కడుతున్నా. అంకమ్మరావని పేరు పెట్టుకుంటే రావు తీసేసి అంకమ్మా అని పిలుస్తున్నారు. నిన్న గాజులమ్మే రసూల్‌బీ వాడికి అరడజను గాజులు తొడిగి పోయింది!”

“కప్పా, మేనమామ ఎప్పుడన్నా సిద్ధమేనని చెప్పు. పిలుపు లేకుండా కత్తెర పట్టుకుని గుమ్మంలో నిలబడలేడు గదా.”

“పిలుస్తాను కప్పా! ఆ నెయ్యి సంగతి తేలాక పిలుస్తాను.”

“ఇంకా ఆ నెయ్యేనా!”

“నెయ్యే! తేలకపోతే సాగరు కాలవ తవ్వి నీళ్లొదిలేదాకా ఈ బావిలోనే ఉంటా. మా మరదలు పేరమ్మ పెళ్లి బంతిలో పెద్దల్లుణ్ణి నేను. ఈయన నేతిగిన్నె పట్టుకొచ్చాడు. నేను విస్తరికి చెయ్యి అడ్డం పెట్టాను. పక్క విస్తరికి వెళ్లిపోయాడు! వెళ్లిపోయాడు కప్పా!”

“చెయ్యి అడ్డం పెడితే వద్దనే గదా!”

“వద్దనా? చేతి మీద పొయ్యమని! ‘అట్లా కుదరదు’ అని చెయ్యి పట్టుకు లాగి, నేను వద్దు వద్దంటుంటే పొయ్యాలి. అల్లుడై పుట్టినోడు నెయ్యి పొయ్యమని నోరు తెరిచి అడుగుతాడా? ఒట్టి పప్పన్నం తిని లేచాను. పక్కన యలమందయ్య నా విస్తరి చూసి నవ్వాడు.”

“నేను కుర్రాణ్ణి, నాకేం తెలుసు? వద్దన్నావు, వెళ్లా. దానికి నాలుగేళ్లా బావా?”

“ఎవర్నంటున్నావు?”

“కప్పని.”

“కప్పని బావా అన్నావా?”

“కప్ప ఎక్కడుంది బావా? నువ్వు మునిగినప్పుడే అదీ దూకి పోయింది.”

“మరి ఇందాకట్నుంచీ నేను మాట్లాడుతున్నది...”

“నాతోనే.”

“...ఒరే. నీ చెవి అప్పడం అంత అయిందిరా.”

“నీ ముక్కు చూసుకో ముందు. వంకాయ.”

“నా కల్లం కోసం వచ్చావంట్రా నిజంగా? కడివెడు నీళ్లతో కల్లం ఆరుతుందంట్రా వెర్రినాయనా?”

“ఏం చేసేది బావా. చేతిలో అదే ఉంది.”

“నాకు ఏడుపొస్తోందిరా.”

“మిరప ఘాటులే బావా.”

“ఘాటు కాదురా. నువ్వు లేకపోతే పండగపూట ఇంట్లో మాటాడే మనిషి లేడురా. శనివారం మాలకొండ గుడికి బండి కడుతున్నా. మూడు కత్తెర్లూ నువ్వే వెయ్యాలి.”

“చాల్లే బావా. నేనెందుకులే ఇప్పుడు.”

“సరే అయితే, నీ ఇష్టం.”

“సరేనా? అప్పుడే వదిలేశావా? నెయ్యికైతే చెయ్యి పట్టుకు లాగాలా, నన్ను లాగొద్దా?”

“అట్లా కుదరదురా! ఇటు రా, చెయ్యి ఇటివ్వు! వస్తున్నావంతే! సామ్రాజ్యం! మీ తమ్ముడు వస్తున్నాడే! కత్తెర వాడిదే!”

“విన్నాను, విన్నాను. నా తండ్రే, నాలుగేళ్లకి మా ఇంటికొస్తున్నాడు. ఇక పైకి రండి.”

“ఈగలో?”

“అవా? నేను మొదటి కేక వేసేటప్పటికే పోయి తుట్టె మీద సర్దుకున్నాయి.”

“ఓసి నీ... మరి ఇందాకంతా బావి మీద ఆ గుయ్యిమన్న మోత?”

“గుడిసె లేదు ఏం లేదు, బావి గట్టునే కూర్చుని మా తమ్ముడి కడవలో మూతి పెట్టి నేనే అన్నా. గబగబా రండి, దవడలు పడిపోతున్నాయి.”