స్వాగతం చెప్పే గొంతు

ఫిల్మ్‌నగర్‌లో డబ్బింగ్ చెప్పడానికి బయల్దేరుతున్న తల్లి ముందు కూతురు ఫోన్ పెట్టింది.

"మా స్కూల్ కథల క్లబ్ వెబ్‌సైట్ తెరవగానే నీ గొంతు వినపడాలమ్మా. చెప్పు."

"కథల క్లబ్‌కి మీ అందరికీ స్వాగతం!"

"ఇది నువ్వు డబ్బింగ్ చెప్పే హీరోయిన్ గొంతు."

"పోనీ, ఇలా? కథల క్లబ్‌కి సుస్వాగతం."

"ఇది హీరో వాళ్ళమ్మ గొంతు. నాకు నీది కావాలి."

"నాదంటే?"

"'వచ్చావా బంగారం? కాళ్ళు కడుక్కుని రా, అన్నం పెడతా' అని చెప్పు."

"క్లబ్ వెబ్‌సైట్‌లో అలా అంటారటే? మిగతా పిల్లలు నవ్వరూ?"

"వాళ్ళంతా డాన్స్ క్లబ్‌లోకి వెళ్ళిపోయారు. నేనొక్కదాన్నే మిగిలాను."

"మరి ఈ వెబ్‌సైట్ ఎవరు చూస్తారే?"

"నేనే. స్కూల్ నుంచి వచ్చి ఇంటి తాళం తీయగానే."

"రాత్రి వచ్చాక చెబుతాలే, తల్లీ."

"అప్పటికి నీ గొంతు బొంగురుపోయి ఉంటుంది. వేణ్నీళ్ళు పుక్కిలించి, మాట్లాడించొద్దని సైగ చేస్తావు. ఇప్పుడే చెప్పమ్మా, వాళ్ళెవరికీ నీ గొంతు ఇవ్వకముందే."