మూడు బురుజుల జెండా

మాంచెస్టర్, 2004. ఆస్పత్రి వైపు వెళ్లే బస్సులో ఇద్దరు తెలుగు ఆడవాళ్లు పక్కపక్కన కూర్చున్నారు. పెద్దావిడ ఒళ్లో మడతపెట్టిన జెండా ఉంది.

“ఇది ఏ దేశానిది వదినా?”

“దేశానిది కాదు, ఒక పల్లెటూరిది. మా పక్క ఫ్లాట్ గ్రాసా ఆంటీ వాళ్ల ఊరు, పోర్చుగల్‌లో.”

“పల్లెటూరికి జెండానా?”

పెద్దావిడ మడత విప్పింది. “అక్కడ ప్రతి చిన్న ఊరికీ ఉంటుందట. పైన కిరీటానికి మూడు బురుజులుంటే పల్లె, ఐదుంటే నగరం. ఈ నీలం గీతలు వాళ్ల ఏరు. ఇది ఏటి ఒడ్డున పిండిమర.”

“మరి ఆస్పత్రికెందుకు తీసుకెళ్తున్నావు?”

“ఆంటీ అక్కడే ఉంది, మతిమరుపు ముదిరింది. కన్నకొడుకునే గుర్తుపట్టట్లేదు. నిన్న ఇది చూపిస్తే మర మీద వేలు పెట్టి, అక్కణ్ణించి వాళ్లింటికి దారంతా చెప్పింది. గడప దాకా వచ్చి ఏడ్చేసింది.”

“అయ్యో!”

“తర్వాత నా చెయ్యి పట్టుకుని, మీ ఊరి జెండా మీద ఏముంటుందని అడిగింది.”

“ఏం చెప్పావు?”

“జెండా లేదనడానికి నోరు రాలేదు. ఎర్రగా ఆరబోసిన మిరపకాయల కల్లం, పక్కన సాగర్ కాలవ అన్నాను.”

“అబద్ధమాడావా!”

“జెండా ఒక్కటే అబద్ధం. కల్లం, కాలవ నిజమే కదా. ఇక్కడికొచ్చిన ఇరవై ఏళ్లలో వాటి గురించి నన్ను అడిగింది ఆవిడొక్కతే.”