భూతద్దం అక్క చేతిలో మూడో చిప్

పంతొమ్మిది వందల తొంభై రెండు జూలై ఆరవ తేదీన, ఆసుపత్రి యంత్రాల మరమ్మతు విభాగంలో నియామక పత్రంతో అడుగుపెట్టిన యువతిని చూసి, అప్పటి పెద్ద మెకానిక్ "టైపు సెక్షన్ పై అంతస్తులో ఉందమ్మాయ్" అని దారి చూపించారట. "టైపుకి కాదండీ, సోల్డరింగ్‌కి వచ్చాను" అంటూ ఆమె ఖాళీ స్టూలు లాక్కుని కూర్చున్నారు. ఈ నెలాఖరున పదవీ విరమణతో ఆ స్టూలు మీది నుంచి లేస్తున్నారు. నుదుటి మీదికి నెట్టిన భూతద్దం తీయడం మరిచి భోజనానికి కూర్చునే అలవాటు వల్ల ఆమె అందరికీ భూతద్దం అక్క అయ్యారు.

తొలి సంవత్సరాలు తెగిన తీగలతో, కాలిన ఫ్యూజులతో గడిచాయి. క్రమంగా సర్క్యూట్ బోర్డుల బాధ్యత ఆమె బల్ల మీదికి చేరింది. బోర్డు మీద దూదితో పలుచగా స్పిరిట్ అద్ది, కొద్దిపాటి కరెంటు ఇచ్చి, ఏ చిప్ మీది తడి ముందుగా ఆరుతుందో ఊపిరి బిగబట్టి చూసేవారు. లోపల షార్టయిన చిప్ ఒళ్లు కాలిపోతూ తనంతట తానే పట్టుబడేది.

ఆమె సహనానికి అసలైన పరీక్ష ఒక చలికాలంలో ఎదురైంది. నవజాత శిశువులను వెచ్చగా ఉంచే పెట్టె ఒకటి ప్రసూతి వార్డు నుంచి వచ్చింది. పాడైన చిప్‌ను గుర్తించి, పీకి, కొత్తది అతికించారు. పెట్టెలో చలనం లేదు. ఇంకొకటి అతికించారు. అదీ చచ్చింది. తెప్పించినవి మూడే. మళ్లీ రావాలంటే నెల పడుతుంది.

వార్డు నర్సు ఫోన్ చేశారు. "అక్కా, ఒక్క పెట్టెతో నెట్టుకొస్తున్నాం. ఈ పూట ఇంకో బలహీనమైన బిడ్డ పుడితే ఎక్కడ పడుకోబెట్టను?"

విభాగాధికారి కాగితం, కలం తీశారు. "సరుకే నాసిరకం. కంపెనీని కడిగేద్దాం!"

"ఆగండి సార్, ఒక్క పది నిమిషాలు" అన్నారామె.

ఆందోళనతో చెమటలు పట్టి స్వెటరు విప్పబోయారు. ముందు చేతి పట్టీ తీయాల్సి వచ్చింది. చిప్‌ను ముట్టుకునే వారి ఒంటి మీద పేరుకుని, తాకగానే దాన్ని కాల్చేసే విద్యుత్తును తీగ ద్వారా నేలలోకి పంపే పట్టీ అది. చర్మానికి తగిలితేనే పని చేస్తుంది. తీసి చూస్తే పట్టీ నొక్కు మణికట్టు మీద లేదు, స్వెటరు చేతి మీద ఉంది. కోడలి వేళ్లు చలికి కొంకర్లు పోతున్నాయని అత్తగారు అరచేతుల దాకా వచ్చేలా అల్లిన స్వెటరది. తల మీదుగా లాగగానే చిటచిటలాడింది.

"సార్, సరుకు బంగారంలాంటిది. రెంటినీ చంపింది నేనే. ఆ ఫిర్యాదేదో నా మీద రాయండి" అని అందరి ఎదుటా చెప్పి, ఉత్త మణికట్టుకు పట్టీ బిగించి, ఉన్న ఒక్క చిప్‌నూ అతికించారు. పెట్టె దీపం వెలిగింది. లోపల పెట్టిన అరచేతికి మెల్లగా వెచ్చదనం తగిలింది. సాయంత్రానికల్లా అది వార్డుకు చేరింది.

ఇంట్లో మాత్రం అత్తగారు నమ్మలేదు. "నా అల్లిక నచ్చలేదని చెప్పలేక మెషిన్ల మీద పెడుతున్నావా?"

"లైటు తీయండి అత్తయ్యా, చూపిస్తా."

చీకట్లో స్వెటరు విప్పగానే నీలి రవ్వలు మెరిశాయి. "ఓసి నీ దుంపతెగ! వారం రోజుల్లో నేనింత కరెంటు అల్లానా?" అని పెద్దావిడ పడీ పడీ నవ్వారట.

ఆ తరువాత ఆమె సర్క్యూట్ బోర్డుల పనికి పెద్ద అయ్యారు, ఎందరికో పని నేర్పారు. అయినా ఆమె ఈ విభాగానికి ఇచ్చిన వాటిలో అతి విలువైనది ఆనాటి ఆ ఒక్క మాటే. నేటికీ ఇక్కడ ఎవరి చేతిలో చిప్ కాలినా దాన్ని జేబులో దాచరు. బల్ల మధ్యన పెట్టి "నా వల్లే" అంటారు, పక్కవారు స్టూలు దగ్గరికి జరుపుకుంటారు.

ఇకపై ఆమె ఉదయాలు తొందర లేకుండా తెల్లవారాలనీ, కంటిచూపూ వేళ్ల నేర్పూ ఆమెను చిరకాలం అంటిపెట్టుకునే ఉండాలనీ, పిలుపు లేకుండానే వచ్చి మా బల్లల మీది పొరపాట్లను మొహమాటం లేకుండా ఎత్తిచూపేంతటి ఆరోగ్యంతో, సుదీర్ఘమైన ఆయుష్షుతో ఆమె వర్ధిల్లాలనీ ఈ విభాగమంతా మనసారా కోరుకుంటోంది.